సమన్లు వచ్చి వెళ్లకపోతే ఎంత ఫైన్ వేస్తారు? జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ తెలిసినవాళ్లు చెప్పండి

రేణిగుంట_ఐరన్ (తిరుపతి)
అందరికీ నమస్కారం. మాది రేణిగుంట రోడ్డులో ఐరన్, సిమెంటు షాపు. రిజిస్ట్రేషన్ మా బావ పేరు మీద ఉంది. నిన్న ఆయన పేరుతో సెంట్రల్ జీఎస్టీ నుంచి సమన్లు వచ్చాయి, సెక్షన్ 70 అని ఉంది. మూడేళ్ల కిందట మాకు ఇనుప కమ్మీలు సప్లై చేసిన ఒక వ్యాపారి రిజిస్ట్రేషన్ ఇప్పుడు క్యాన్సిల్ అయిందట. అతను ఇచ్చినవన్నీ బోగస్ బిల్లులని విచారణ జరుగుతోందట. పర్చేజ్ బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ ఎల్‌ఆర్‌లు (రవాణా రసీదులు), కాటా చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని వచ్చే సోమవారం ఉదయం 11 గంటలకు స్వయంగా రావాలని రాశారు.

బావ వేలూరులో మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడు. పక్క షాపాయన "మొదటి సమన్లకు ఎవరూ వెళ్లరు, మూడోది వచ్చినప్పుడు చూసుకోవచ్చు" అంటున్నాడు. మాకు సరుకు వచ్చింది, డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాం, తప్పేమీ లేదు. అయినా ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వెళ్లకపోతే నిజంగా ఫైన్ వేస్తారా?

కొర్లగుంట_రాజా
అన్నా, టెన్షన్ పడొద్దు. మా వీధిలో ఒకాయనకి రెండుసార్లు వచ్చాయి, పోలేదు, ఏమీ కాలేదు. అదంతా బెదిరించడానికే. సివిల్ వ్యవహారం కదా, ఎవరూ పట్టుకుపోరు.

ఆడిటర్_చిత్తూరు
రాజా గారూ, దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. మీ వీధి ఆయనకి ఏమీ కాలేదంటే ఇంకా కాలేదని మాత్రమే.

రేణిగుంట గారూ, మీ ప్రశ్నకి నేరుగా జవాబు. సీజీఎస్టీ చట్టం 2017లో సెక్షన్ 122(3)(డి) అని ఉంది. సాక్ష్యం చెప్పడానికో, కాగితాలు చూపించడానికో సమన్లు ఇస్తే హాజరు కానివాళ్లకి 25,000 రూపాయల దాకా పెనాల్టీ వేయొచ్చు. రాష్ట్ర జీఎస్టీ చట్టంలోనూ అదే సెక్షన్ ఉంది, రెండు చట్టాల కిందా కలిపి వేస్తే 50,000. "దాకా" అన్న మాట గమనించండి. ఎంత వేయాలన్నది ఆఫీసరు విచక్షణ. అయితే మీ వాదన వినకుండా వేయకూడదు. ముందు నోటీసు ఇవ్వాలి, మీరు చెప్పేది వినాలి, ఏ తప్పుకి వేస్తున్నారో ఆర్డర్లో రాయాలి. 126, 127 సెక్షన్లు చెప్పేది ఇదే.

ఇక "మూడో సమన్ల దాకా ఆగొచ్చు" అన్న మాట మన దగ్గర ప్రతి బజారులోనూ వినిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 2022 ఆగస్టు 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు దర్యాప్తు విభాగం సమన్ల మీద ఒక ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చింది. ఎన్నిసార్లు పిలిచినా రానివాళ్ల మీద మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేసే ముందు, తగినంత వ్యవధి ఇస్తూ మామూలుగా మూడు సమన్లు ఇవ్వాలని అందులో ఉంది. అది క్రిమినల్ ఫిర్యాదుకి సంబంధించిన మాట. 25,000 పెనాల్టీకి మూడు లెక్క ఎక్కడా లేదు. మొదటిసారి వెళ్లకపోయినా ఆ సెక్షన్ వర్తిస్తుంది.

ఆ ఫిర్యాదు పాత ఐపీసీలో 174 కింద పడేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 208. ప్రభుత్వాధికారి పిలిస్తే కావాలని రాకపోవడానికి నెల దాకా సాధారణ జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

రేణిగుంట_ఐరన్ (తిరుపతి)
చాలా థ్యాంక్స్ సార్. మరి బావ కదల్లేడు కదా. బదులుగా నేను పోవచ్చా? లేదంటే మా ఆడిటర్ గారిని పంపాలా?

ఆడిటర్_చిత్తూరు
కాగితాలు ఇవ్వడానికైతే మీరో, ఆడిటరో వెళ్లొచ్చు. కానీ ప్రమాణం చేసి చెప్పాల్సిన వాంగ్మూలానికి ఆయనే రావాలి. 116 సెక్షన్ ప్రతినిధిని పంపే హక్కు ఇస్తూనే, ప్రమాణం మీద విచారణకి స్వయంగా రమ్మన్నప్పుడు మాత్రం ఆ హక్కు లేదంటుంది. పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 288 కూడా అంతే. మీ సమన్లలో "స్వయంగా" అని ఉంది కాబట్టి ఇద్దరూ కలిసి ఈ పని చేయండి: సోమవారానికి ముందే ఉత్తరం ఇచ్చి వాయిదా అడగండి, సిద్ధంగా ఉన్న కాగితాలు దానితో పాటే ఇచ్చేయండి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"మీరు ఫలానా తేదీన పంపిన, ఫలానా నంబరు గల సమన్లు నాకు ఫలానా తేదీన అందాయి. నాకు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు విశ్రాంతి సూచించిన చీటీ జతపరిచాను. విచారణకు పూర్తిగా సహకరిస్తాను. ఫలానా తేదీ తర్వాత మీరు చెప్పిన రోజున స్వయంగా హాజరవుతాను. మీరు అడిగినవాటిలో నా దగ్గరున్న పత్రాలను దీనితో సమర్పిస్తున్నాను."

జత చేసిన కాగితాలకు వరుస నంబర్లు వేయండి. ఈ-మెయిల్ చేయండి, మనిషిని కూడా పంపి ఇన్‌వార్డ్‌లో (ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి. ఆ సీలు ఉన్న కాపీ రేపు మీకు పెద్ద బలం. ఒరిజినల్స్ మాత్రం అడగనిదే ఇవ్వొద్దు. ఇవ్వాల్సి వస్తే రసీదు తీసుకోండి.

మండీ_మామ (దామలచెరువు)
ఆడిటర్ గారు చెప్పింది నిజం. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి సెక్షన్ 131 కింద సమన్లు వచ్చాయి. నేను మామిడి కమీషన్ ఏజెంటుని. మా అకౌంట్లో పడే డబ్బులో నూటికి తొంభై పైనే రైతులది, నాది కమీషన్ మాత్రమే. వాళ్లు పిలిచింది జూన్ నెలాఖరులో! తోతాపురి కోతల మీద ఉంది, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ టైములో నేను ఒక పూట లేకపోతే రైతు కాయ ఎండకి పాడైపోతుంది. అయినా పోయినాను. పోతే ఆ సారు లేడు. మీటింగు అన్నారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, రేపు రా అన్నారు. నేను రాకపోతే పదివేలు పెనాల్టీ, ఆయన లేకపోతే ఏమీ లేదా? ఈ అధికారం ఒక వైపే పదును ఉన్న కత్తి. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

రిటైర్డ్_సూపరింటెండెంట్ (తిరుపతి)
మామ గారూ, మీ కోపం న్యాయమైనదే. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ డిపార్ట్‌మెంటులో పని చేశాను, ఎక్సైజ్ రోజుల నుంచి. జీఎస్టీ వైపు అయితే ఆ 2022 ఇన్‌స్ట్రక్షన్ సరిగ్గా ఈ సంగతే రాసింది. సమన్లలో రాసిన తేదీకి, సమయానికి ఆఫీసరు సీట్లో ఉండాలి, అనుకోని పని పడితే పిలిచినవాళ్లకి ముందే చెప్పాలి. ఇంకా కొన్ని ఉన్నాయి. సూపరింటెండెంటు సమన్లు ఇవ్వాలంటే డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ నుంచి రాతపూర్వక అనుమతి కావాలి, కారణం ఫైల్లో రాసి ఉండాలి. జీఎస్టీ పోర్టల్లో వాళ్లకే కనిపించే రిటర్నుల కోసం సమన్లు ఇవ్వకూడదు. కంపెనీల ఎండీలనీ, సీఈఓలనీ మామూలుగా మొదటి విడతలోనే పిలవకూడదు. ఈ ఇన్‌స్ట్రక్షన్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

అయితే ఫైన్ వేసే అధికారమే ఉండకూడదంటే ఒప్పుకోను. బోగస్ బిల్లుల కేసుల్లో అసలువాడు దొరకడు. రిజిస్ట్రేషన్ అడ్రసుకి పోతే అక్కడ టీ కొట్టు ఉంటుంది. సరుకు కదలకుండా బిల్లు మాత్రమే కదిలిందా లేదా అన్నది తెలియాలంటే లారీ ఓనరు, కాటా వాడు, కొన్నవాడు వచ్చి చెప్పాలి. ఎవరూ రాకపోతే నిజాయితీగా సరుకు కొన్న రేణిగుంట గారికీ, కాగితం మీద కొన్నవాడికీ తేడా ఎలా తెలుస్తుంది? పిలిస్తే రావాలన్న నియమం నిజం చెప్పేవాడికే ఎక్కువ అవసరం.

మండీ_మామ (దామలచెరువు)
సార్, మీరు మర్యాదగా చెప్పారు, సంతోషం. కానీ నా బాధ ఇది. కోట్ల టర్నోవరు కంపెనీకీ పదివేలే, నాలాంటివాడికీ పదివేలే. కంపెనీకి అది టీ ఖర్చు. మా కూలీకి నెల జీతం.

లా_విద్యార్థి_ఎస్వీయూ
ఇక్కడ ఒక ఆసక్తికరమైన తేడా ఉంది. పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 1961లో సెక్షన్ 272ఏ(1)(సి) కింద ప్రతి తప్పుకి సరిగ్గా 10,000. తక్కువా లేదు, ఎక్కువా లేదు. జీఎస్టీలో 25,000 "దాకా", అంటే ఆఫీసరు 500 కూడా వేయొచ్చు. కోర్టుల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 32 కింద సాక్షి రాకపోతే 5,000 దాకా జరిమానా, ఆస్తి అటాచ్‌మెంటు, వారెంటు కూడా ఉన్నాయి. ట్యాక్స్ ఆఫీసర్లకి సమన్ల అధికారం వచ్చింది ఆ కోడ్ నుంచే. 131 చదివితే "సివిల్ కోర్టుకి ఉన్న అధికారాలే" అని ఉంటుంది.

ఇంకో సంగతి. ఒకప్పుడు 131లోనే ఉపసెక్షన్ 2 ఉండేది. సమన్లు వచ్చి కావాలని రానివాళ్లకి 500 రూపాయల దాకా ఫైన్. 1989 ఏప్రిల్ నుంచి దాన్ని తీసేసి పెనాల్టీల అధ్యాయంలోకి తెచ్చారు. పాత మాటల్లో "కావాలని" అన్నది కీలకం. ఇప్పుడు అది లేదు. రాకపోతే తప్పే, ఎందుకు రాలేదో చెప్పుకోవాల్సింది మనం. 273బి ప్రకారం సరైన కారణం ఉందని మనం నిరూపిస్తే పెనాల్టీ వేయకూడదు. చూపించుకోవాల్సిన బరువు డిపార్ట్‌మెంటు భుజం మీది నుంచి మన భుజం మీదికి వచ్చింది. మామ గారి కోపానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే.

ఆడిటర్_చిత్తూరు
బాగా చెప్పావు తమ్ముడూ. దీనికి ఒకటి కలుపుతాను. 131 సమన్లకు రాకపోతే పెనాల్టీ వేసేది మామూలుగా పిలిచిన ఐటీఓ (ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసరు) కాదు, జాయింట్ కమిషనర్ స్థాయి ఆఫీసరు. అంటే మీ కారణం ఇంకో మనిషి కొత్తగా వింటాడు. ఆ అవకాశాన్ని వదులుకోవద్దు.

మామ గారూ, మీరు వెళ్లడం వల్ల మీకు ఎంత మిగిలిందో చెప్పనా? పదివేల సంగతి పక్కన పెట్టండి. మీరు వెళ్లకపోయి ఉంటే 144 కింద ఆఫీసరు తన అంచనాతో అసెస్‌మెంటు ముగించేసేవాడు. అకౌంట్లో పడిన నగదుకి వివరణ లేదని 69ఏ పెడితే, ఆ సంవత్సరాలకు 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు. లెక్క వేస్తే నూటికి 78. రైతుల డబ్బు ఇరవై లక్షలు మీ డబ్బు అనుకుంటే పదిహేను లక్షల అరవై వేలు పన్ను. మీరు రైతులకి రాసిచ్చిన పట్టీలు, చెల్లించిన రసీదులు, మీ కమీషన్ పుస్తకం అవన్నీ చూపించే ఒకే ఒక్క అవకాశం ఆ సమన్లు. ఆఫీసరు లేని రోజు కూడా పైన చెప్పిన పద్ధతే, ఇన్‌వార్డ్‌లో "నేను ఫలానా సమయానికి హాజరయ్యాను, మీరు అందుబాటులో లేరు, తర్వాతి తేదీ తెలపండి" అని నాలుగు లైన్లు రాసిచ్చి సీలు వేయించుకోవాలి. అప్పుడు రాలేదన్న మాట ఎవరూ అనలేరు.

నగరి_మరమగ్గం
మా లాంటివాళ్లకి అసలు సమస్య వేరు సార్. సమన్లు వచ్చినట్టే తెలియదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసినప్పుడు ఎవరో కుర్రాడు తన మెయిల్ ఐడీ, తన ఫోన్ నంబరు పెట్టేశాడు. అతను ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మేం మగ్గాల మీద పగలూ రాత్రీ ఉంటాం, పోర్టల్ ఎవరు చూస్తారు? నెలల తర్వాత బ్యాంకు అకౌంటు ఆపేసినప్పుడు తెలిసింది.

ఆడిటర్_చిత్తూరు
ఇది నగరి, పుత్తూరు వైపు నేను చాలా చూస్తున్నాను. 169 సెక్షన్ ప్రకారం చేతికివ్వడం, పోస్టు, ఈ-మెయిల్, పోర్టల్లో పెట్టడం అన్నీ అందజేసినట్టే. కాబట్టి ఈ రోజే పోర్టల్లో లాగిన్ అయి మెయిల్, మొబైల్ మీ ఇంట్లోవాళ్లవి పెట్టించండి. ఆ మార్పు చేయడానికి ఫీజు ఏమీ లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోనూ చూసుకోండి.

చంద్రగిరి_టైలరింగ్
అందరికీ నమస్తే. మా ఆయన పోయి రెండేళ్లు అవుతోంది. ఆయన రెడీమేడ్ షాపు పేరు మీద ఇప్పుడు సమన్లు వచ్చాయి. షాపు మూసేశాం. చనిపోయిన మనిషి పేరున వచ్చింది కదా, పట్టించుకోనక్కర్లేదని మా మరిది అంటున్నాడు. నాకు భయంగా ఉంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్ (తిరుపతి)
అమ్మా, భయపడకండి, అలాగని మౌనంగా ఉండకండి. మరణ ధ్రువీకరణ పత్రం కాపీ జత చేసి, షాపు మూసేసిన సంగతి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించి ఉంటే ఆ ఆర్డరు కాపీతో ఉత్తరం పంపండి. ఆయన సంగతి ఆఫీసరు ఫైల్లోకి వెళ్లాలి, లేదంటే వాళ్లు రాలేదనే రాసుకుంటారు. వారసులుగా ఆయన ఆస్తి మీకు వచ్చినంత మేరకు పాత బాకీల ప్రశ్న వేరుగా రావొచ్చు, దానికి ఆడిటరుని కలవండి. ఆయన పేరున వచ్చిన సమన్లకు మీరు రాలేదని మీ మీద ఫైన్ వేయలేరు. తిరుపతిలోనే ఉంటాను, ఉత్తరం రాయడానికి సాయం కావాలంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి.

శ్రీకాళహస్తి_లాడ్జి
ఒక హెచ్చరిక. మాకు వాట్సాప్‌లో "జీఎస్టీ సమన్లు" అని పీడీఎఫ్ వచ్చింది. మూడు సింహాల గుర్తు, సంతకం, అన్నీ ఉన్నాయి. కింద యూపీఐ నంబరు ఇచ్చి "ఈ రోజు కడితే ఫైన్ మాఫీ" అని రాశారు. గదుల రేట్లు, సీజన్ రద్దీ అన్నీ తెలిసినట్టే ఫోన్లో మాట్లాడాడు. మా మేనేజరు దాదాపు కట్టేయబోయాడు. కాగితం మీద డిన్ నంబరు (పన్ను శాఖ తన ప్రతి కాగితానికీ వేసే గుర్తింపు నంబరు) చూడమని మా ఆడిటరు చెప్పడంతో బయటపడ్డాం.

లా_విద్యార్థి_ఎస్వీయూ
ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 2019 అక్టోబరు 1 నుంచి, సెంట్రల్ జీఎస్టీలో అదే ఏడాది నవంబరు నుంచి సమన్ల మీద డిన్ ఉండాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో లాగిన్ లేకుండానే నోటీసు నిజమో కాదో చూసుకోవచ్చు. సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు) వెబ్‌సైటులోనూ డిన్ సరిచూసే పేజీ ఉంది. జీఎస్టీ పోర్టల్ నుంచే వచ్చిన కాగితమైతే దాని మీది రిఫరెన్స్ నంబరు పోర్టల్లో చూడాలి. ఇంకొకటి, సమన్లలో ఎప్పుడూ డబ్బు కట్టమని ఉండదు. రమ్మనో, కాగితాలు తెమ్మనో మాత్రమే ఉంటుంది.

కొర్లగుంట_రాజా
సరే, పోవాలనే అనుకుందాం. పోతే లోపల కూర్చోబెట్టి ఏదేదో రాయించుకుని సంతకం పెట్టమంటారు, చెక్కు ఇవ్వమంటారు అంటారు కదా. అందుకే జనం పోరు. లాయర్ని లోపలికి రానివ్వరట.

రిటైర్డ్_సూపరింటెండెంట్ (తిరుపతి)
ఈ భయం నిజమైనదే, దీన్ని తేలిగ్గా తీసుకోను. ప్రశ్నలు వేసేటప్పుడు లాయరు పక్కన ఉండటం హక్కు కాదని 1992లోనే సుప్రీంకోర్టు పూల్‌పాండి కేసులో చెప్పింది. తర్వాత కొన్ని కేసుల్లో కోర్టులు లాయరు కనిపించేంత దూరంలో, మాటలు వినిపించనంత దూరంలో ఉండొచ్చని అనుమతించాయి. ఆ అనుమతి కోర్టుని అడిగి తెచ్చుకోవాలి.

స్టేట్‌మెంటు తెలుగులో రాస్తానని చెప్పండి. గుర్తు లేనిదానికి "గుర్తు లేదు, రికార్డు చూసి చెబుతాను" అనండి, ఊహించి చెప్పొద్దు. ఈ విచారణ చట్టం దృష్టిలో న్యాయ విచారణతో సమానం, అబద్ధం చెబితే అది వేరే నేరం. ప్రతి పేజీ చదివిన తర్వాతే సంతకం. డబ్బు విషయానికొస్తే, విచారణ సమయంలో బలవంతంగా పన్ను కట్టించుకోకూడదని 2022 మే 25న బోర్డే ఇంకో ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చింది. స్వచ్ఛందంగా కట్టాలనుకుంటే డీఆర్‌సీ-03 అనే ఫారంలో కట్టొచ్చు, అది మీ ఇష్టం. ఎవరైనా ఒత్తిడి చేస్తే పై ఆఫీసరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

రేణిగుంట_ఐరన్ (తిరుపతి)
అందరికీ ఒక అప్‌డేట్. ఉత్తరం ఇచ్చాం, సీలు వేయించుకున్నాం. సూపరింటెండెంటు గారు డిశ్చార్జి సమ్మరీ చూసి వచ్చే నెలకి తేదీ ఇచ్చారు. కాటా చీటీలు వెతికితే ఒక లారీది తప్ప అన్నీ దొరికాయి. ఆ ఒక్కదానికి టోల్ ఫాస్టాగ్ వివరాలు తీసుకుందామని ట్రాన్స్‌పోర్టు వాళ్లని అడుగుతున్నాం. దొరికిన చీటీల మీద బండి నంబరు, బరువు, టైము ఉన్నాయి, ఈ-వే బిల్లులో బండి నంబరుతో సరిపోయాయి. ఆడిటర్ గారు అదే అసలు సాక్ష్యం అన్నారు.

మండీ_మామ (దామలచెరువు)
మంచి పని చేశారు. ఆ సారు లేకపోతే ఏం రాయాలో కూడా ఇక్కడ ఉంది, కాపీ పెట్టుకోండి.

పలమనేరు_డెయిరీ
ఆలస్యంగా చూశాను. నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ పెనాల్టీ ఆర్డరు వచ్చేసింది. మూడు వాయిదాలకి రాలేదని 30,000 వేశారు. మొదటిది తెలియదు, రెండోదానికి మా నాన్న ఐసీయూలో ఉన్నారు, మూడోదానికి కాగితాలన్నీ ఇచ్చాను. ఇంకేమీ చేయలేనా?

ఆడిటర్_చిత్తూరు
చేయగలరు. ఆర్డరు చేతికి అందిన 30 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కి ఫారం 35లో ఆన్‌లైన్‌లో అప్పీలు వేయండి, ఫీజు 250 రూపాయలు. రోజులు దాటి ఉంటే ఆలస్యానికి కారణం రాసి మాఫీ అడగండి. ఐసీయూ బిల్లులు తప్పకుండా జత చేయండి, 273బి సరిగ్గా ఇలాంటి పరిస్థితికే ఉంది. తర్వాత కాగితాలన్నీ ఇచ్చి, అసెస్‌మెంటు 144 కింద (ఆఫీసరు అంచనాతో) కాక 143(3) కింద (మీ కాగితాలు చూసి) పూర్తయి ఉంటే ఆ సంగతి మొదటి పేరాలోనే రాయండి. చివరికి సహకరించినట్టు ఆఫీసరే ఒప్పుకున్నట్టని చెప్పి పెనాల్టీ కొట్టేసిన ట్రిబ్యునల్ తీర్పులు ఉన్నాయి. ఒకే విచారణలో ప్రతి వాయిదాకీ విడివిడిగా వేయకుండా మొదటి తప్పుకే పరిమితం చేసినవి కూడా ఉన్నాయి.

కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. మీది అంతకు ముందు సంవత్సరానిదైతే పాత నంబర్లే రాయాలి. ఆర్డరు మొదటి పేజీ, మీరు కాగితాలు ఇచ్చిన రోజు పోర్టల్ రసీదు ఉంటే పేరు, పాన్ కనబడకుండా చేసి ఇక్కడ పెట్టండి, తేదీలు చూసి చెబుతాను.